సినిమా ప్రశ్నలు, జవాబులు: బలవంతుణ్ణి ముందు ఊరు దాటించాలి

సూపర్‌హీరోలు గుంపుగా వచ్చే సినిమాల్లో లాజిక్ చూడాలా, కథ చూడాలా అన్న తగువు మీద తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు. ఈ సినిమాలు ఇంకా చూడనివాళ్ళు జాగ్రత్త, మలుపులన్నీ బయటపడతాయి.

ప్రశ్న: 'అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్'లో టైటాన్ గ్రహం మీద, లోకాలను శాసించే రాళ్ళు పొదిగిన విలన్ థానోస్ చేతి తొడుగు దాదాపు ఊడొచ్చేసిన క్షణంలో స్టార్‌లార్డ్ అతని ముఖం మీద గుద్ది అంతా చెడగొడతాడు. ఇది కథ నడవడం కోసం రచయితలు చేసిన మోసం అని సగం హాస్టల్, కాదని సగం హాస్టల్. తీర్పు చెప్పండి సార్.
(ఇంజినీరింగ్ విద్యార్థి, తిరుపతి)

జవాబు: తప్పు స్టార్‌లార్డ్‌ది, రచయితలది కాదు. ఈ రెండిటినీ కలిపేయడం వల్లే సగం వాదనలు తెల్లారినా తెగవు. పాత్ర తెలివితక్కువ పని చేసినంత మాత్రాన కథకు లోపం రాదు. ఆ పాత్ర చేయని పనిని దాని చేత చేయిస్తేనే లోపం.

2017లో వచ్చిన 'గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ' రెండో భాగం గుర్తు చేసుకోండి. తల్లి తలలో కణితి పెట్టింది తన తండ్రి ఈగోనే అని తెలిసిన మరుక్షణం, ఎదురుగా ఉన్నది ఒక గ్రహమంత శక్తి అని కూడా చూడకుండా తుపాకులు తీసి కాల్చేశాడు. అయినవాళ్ళ చావు మాట వింటే ఇతనికి చెయ్యి ముందు లేస్తుంది, బుర్ర తర్వాత లేస్తుంది. 'ఇన్ఫినిటీ వార్' (2018)లోనే, థానోస్ చేతికి చిక్కితే తనను చంపేయమని ప్రేయసి గమోరా ఇతని చేత మాట తీసుకుంది. ఆ మాట నిలబెట్టుకోవడానికి ట్రిగ్గర్ నొక్కాడు కూడా. థానోస్ ఆ కాల్పును సబ్బు బుడగలుగా మార్చేశాడు. ఇంత జరిగినవాడు, థానోస్ ఆమెను చంపాడన్న కబురు విని నిమ్మళంగా నిలబడితే అప్పుడు మనం రచయితను నిలదీయాలి. అదే చోట నిబ్బరం తప్పని గూఢచారి బ్లాక్ విడోను పెట్టి అదే దెబ్బ కొట్టించి ఉంటే మీ ఎదుటి జట్టే గెలిచేది.

అయితే వాళ్ళకు ఇంతకంటే గట్టి ఆయుధం ఒకటుంది, ఎందుకో వాడుకోలేదు. అదే సినిమా మొదట్లో న్యూయార్క్‌లో వాంగ్ ఒక పోర్టల్ తెరిచి మూసి, శత్రువు చేతిని తెగ్గోస్తాడు. టైటాన్ మీద డాక్టర్ స్ట్రేంజ్ అవే పోర్టల్స్ డజన్లకొద్దీ తెరుస్తాడు గానీ థానోస్ చేతి మీద ఆ పని చేయడు. ఇది అసలైన లాజిక్ ప్రశ్న, ఎందుకంటే ఆ ఉపాయం ప్రేక్షకుడి ఊహ కాదు, సినిమాయే చూపించింది. దీనికి సమాధానంగా చెప్పేది ఒక్కటే: 1,40,00,605 భవిష్యత్తులు చూసి, గెలిచేది ఒక్క దాంట్లోనే అని స్ట్రేంజ్ చెప్పిన మాట. ఎక్కడ చిల్లు పడినా పట్టే గొడుగు అది. దాన్ని మేము మంచి పనితనం అనం. కానీ ఆ గొడుగుకు రచయితలు బాడుగ కట్టారు. టోనీ (ఐరన్ మ్యాన్) ప్రాణం కోసం స్ట్రేంజ్ తన దగ్గరున్న టైమ్ స్టోన్‌ను థానోస్‌కు ఇచ్చేయడం తెర మీదే జరిగింది, తర్వాతి సినిమా 'ఎండ్‌గేమ్'లో ఆ రాళ్ళతో థానోస్‌ను అంతం చేసే చిటిక వేసింది ఆ టోనీయే.

ప్రశ్న: మా మనవళ్ళు ఈ ఇంగ్లీషు సినిమాలు చూసి లాజిక్, లాజిక్ అని తలకాయ తింటారు. మా ఊళ్ళో ధర్మరాజుల తిరునాళ్ళప్పుడు రాత్రంతా కూర్చుని భారతం ఆట చూస్తాం. అక్కడెవరూ ఈ ప్రశ్నలు అడగరే? పిల్లకాయలకు ఏం చెప్పమంటారు?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, పుత్తూరు)

జవాబు: అయ్యా, అడగకపోవడానికి భక్తి ఒక కారణమే. రెండోది, భారతం ఆ ప్రశ్నలన్నిటికీ ముందే జవాబు చెప్పి పెట్టుకుంది. మీ మనవళ్ళకు చెప్పదగ్గది ఇదే.

వీరులు గుంపుగా ఉన్న ఏ కథకైనా పెద్ద చిక్కు ఒకటే. 'వాడొక్కడు వస్తే ఐదు నిమిషాల్లో తేలిపోయేదిగా, ఎందుకు రాలేదు?' కురుక్షేత్రంలో ఈ ప్రశ్న ఎన్ని చోట్ల రావచ్చో లెక్క వేయండి. కృష్ణుడు చక్రం తీస్తే యుద్ధం పూట కూడా పట్టదు. అందుకని యుద్ధానికి ముందే బేరం కుదిరింది: ఒక వైపు నారాయణ సేన, మరో వైపు ఆయుధం పట్టని కృష్ణుడు. భీష్ముణ్ణి ఎవరూ గెలవలేరు, అందుకే పాండవులను చంపనని, శిఖండి మీద బాణం వేయనని ఆయన నోటితోనే చెప్పించారు. ఇక బలరాముడు. భీముడికీ దుర్యోధనుడికీ ఇద్దరికీ గద నేర్పినవాడు. ఎటు చేరినా తూకం తప్పుతుంది. తీర్థయాత్రలకు పంపేశారు! అదీ ఉత్తినే పంపలేదు. సరిగ్గా గదాయుద్ధం రోజుకు తిరిగొచ్చి, తొడ మీద దెబ్బ చూసి, భీముడి మీదికి నాగలి ఎత్తాడు. కథలోంచి తప్పించిన మనిషిని మళ్ళీ ఎక్కడ వాడుకోవాలో కూడా లెక్క ఉంది.

కర్ణుడి శక్తి ఆయుధం ఇంకా ముచ్చటైన లెక్క. కవచకుండలాలు ఇచ్చినందుకు ఇంద్రుడి దగ్గర వచ్చింది, ఒక్కసారే పనిచేస్తుంది, అర్జునుడి కోసం దాచుకున్నాడు. పద్నాలుగో రోజు రాత్రి ఘటోత్కచుడు కౌరవ సేనను ఊచకోత కోస్తుంటే తప్పక అతని మీద వేసేశాడు. ఒక్క దెబ్బతో మూడు పనులు జరిగాయి: ఘటోత్కచుడు పోయాడు, కర్ణుడి చెయ్యి ఖాళీ అయింది, అర్జునుడు బతికాడు. ఎంతమంది వీరులున్న సినిమా రాసేవాళ్ళయినా ఈ ఒక్క రాత్రిని కూర్చుని చదువుకోవాలి.

ఇప్పుడు మీ మనవళ్ళ సినిమాకు రండి. 'ఇన్ఫినిటీ వార్' మొదటి సన్నివేశంలోనే హల్క్‌ను థానోస్ చితక్కొడతాడు, ఆ తర్వాత ఎంత పిలిచినా హల్క్ బయటికి రాడు. థోర్‌ను కొత్త గొడ్డలి చేయించుకోవడానికి వేరే లోకానికి పంపారు. విజన్‌ను ఎడిన్‌బరోలో పొడిచిన కత్తి వల్ల, గోడల్లోంచి దూరిపోయే అతని శక్తి పోయింది. యాంట్‌మ్యాన్, హాక్‌ఐ ఇద్దరూ గృహనిర్బంధంలో ఉన్నారని ఒక్క డైలాగ్‌తో సరిపెట్టారు. కెప్టెన్ మార్వెల్ అయితే అసలు భూమ్మీదే లేదు. అంతా బలరాముడి తీర్థయాత్రే. హల్క్ విషయంలో బాగా చేశారు, ఎందుకంటే ఆ ఓటమికి ఒక భయం పుట్టింది. గృహనిర్బంధం మాట మాత్రం హాజరు పట్టీలో సెలవుచీటీ అంటించినట్టుంది.

ఇంకొకటి కూడా వాళ్ళకు చెప్పండి. పెట్టుకున్న నియమం విరగబోయే చోటే గొప్ప సన్నివేశం పుడుతుంది. ఆయుధం పట్టనన్న కృష్ణుడు భీష్ముడి మీదికి రథం దిగి ఉరికినప్పుడు అర్జునుడు కాళ్ళు పట్టుకుని ఆపాడు. మాట తప్పాడే అని అక్కడెవరూ లెక్క అడగరు. పోతన పద్యం చేశాడు. మాట ముందు ఉంది కాబట్టే ఆ ఉరుకుకు అంత విలువ.

ప్రశ్న: థానోస్ జనాభాను సగం చేసే బదులు ఆ రాళ్ళతో తిండీ నీళ్ళూ రెట్టింపు చేయొచ్చుగా? ఇంత చిన్న సంగతి తట్టలేదా?
(కామర్స్ లెక్చరర్, చిత్తూరు)

జవాబు: మీ శాఖ లెక్కే చూద్దాం. 2018లో ప్రపంచ జనాభా సుమారు 760 కోట్లు. సగం తీస్తే 380 కోట్లు, అంటే 1970ల మొదట్లో ఉన్నంత. అక్కడి నుంచి మళ్ళీ 760 కోట్లకు రావడానికి ఒక యాభై ఏళ్ళు కూడా పట్టలేదు. కాబట్టి పథకంగా చూస్తే అది యాభై ఏళ్ళ వాయిదా, అంతే. వనరులు రెట్టింపు చేసినా దాదాపు అదే గతి అనుకోండి.

అయితే ఇది పాత్ర చేసిన తప్పుడు లెక్క, కథలో చిల్లు కాదు. తన గ్రహం వాళ్ళు తన సలహాను పిచ్చి అని కొట్టిపారేశారు, తర్వాత గ్రహం నాశనమైంది. అతనికి కావలసింది జనం బాగు కాదు, తన మాటే నెగ్గడం. 'ఎండ్‌గేమ్'లో 2014 నాటి థానోస్, మిగిలినవాళ్ళు కృతజ్ఞత చూపడం లేదని తెలిసి, ఈసారి మొత్తం లోకాన్నే తుడిచి కొత్తది చేస్తానంటాడు. ముసుగు అక్కడ జారింది.

ప్రశ్న: 'జస్టిస్ లీగ్' రెండు రకాలుగా వచ్చింది కదా. నాలుగు గంటల సినిమా బాగుందంటారు. నిడివి పెంచితే లాజిక్ దానంతట అదే సర్దుకుంటుందా?
(పాఠకురాలు, శ్రీకాళహస్తి)

జవాబు: సర్దుకోదు. కానీ ఈ రెండు సినిమాలు పక్కపక్కన పెట్టి చూస్తే మీ తగువుకు ఇంతకంటే మంచి ప్రయోగం దొరకదు. 2017 సినిమా 120 నిమిషాలు, 2021లో వచ్చింది 242 నిమిషాలు. కథ ఒకటే, విలన్ ఒకడే, వెతికేవి అవే మూడు మదర్ బాక్సులు.

ఒక్క ఘట్టం చాలు. సూపర్‌మ్యాన్‌ను బతికించాక మూడో బాక్సు విలన్ స్టెపెన్‌వుల్ఫ్ చేతికి చిక్కాలి. అది చిక్కకపోతే చివరి యుద్ధం లేదు. 2017 దాంట్లో లోకాన్ని బూడిద చేయగల ఆ వస్తువును హీరోలు పట్టించుకోకుండా బయట వదిలేశారు, విలన్ వచ్చి ఎత్తుకుపోయాడు. హాల్లో నవ్వారంటే నవ్వరా మరి! 2021 దాంట్లో సైబోర్గ్ తండ్రి సైలస్ ఆ బాక్సుతో పాటు ల్యాబ్‌లో తలుపులు వేసుకుని, లేజర్‌తో దాన్ని విపరీతంగా వేడెక్కించి, ఆ వేడికి తానే ఆహుతైపోతాడు. విలన్ బాక్సు తీసుకుపోతాడు, నిజమే. కానీ ఆ వేడి జాడ పట్టుకునే హీరోలు అతని స్థావరానికి చేరతారు.

ప్లాట్‌లో జరిగింది రెండింట్లోనూ ఒకటే: బాక్సు పోయింది. రెండో దాంట్లో మాత్రం లాజిక్ చిల్లు మూసుకుంది, తండ్రీకొడుకుల కథ ముగిసింది, తర్వాతి సన్నివేశానికి దారి దొరికింది. అందుకే లాజిక్ వేరు, కథ వేరు అని గీత గీసి వాదించేవాళ్ళతో మాకు పేచీ. మంచి రచయిత దగ్గర ఒకే పనికి అవి రెండు పేర్లు. ఈ ఘట్టానికి అదనంగా కావలసింది రెండు గంటలు కూడా కాదు, కొన్ని నిమిషాలు. ఆ నాలుగు గంటల్లో స్లో మోషన్ కొంత తీసేసినా ఎవరికీ నష్టం లేదు.

ప్రశ్న: 'ఎండ్‌గేమ్' టైమ్ ట్రావెల్‌లో అసలు తప్పు ఏది, తప్పులా కనిపించేది ఏది? పందెం ఉంది, వివరంగా చెప్పండి.
(డిగ్రీ విద్యార్థులు, కుప్పం)

జవాబు: థానోస్ చిటికతో మాయమైన సగం లోకాన్ని తిరిగి తేవడానికి, హీరోలు ఆ రాళ్ళ కోసం గతంలోకి వెళ్ళే సినిమా ఇది. ముందు నియమం. గతంలోకి వెళ్ళి ఏం మార్చినా, బయలుదేరిన వర్తమానం మారదు. వేరే కొమ్మ పుడుతుంది. ఇది బ్యానర్ (హల్క్) ఒకసారి చెప్తాడు, స్ట్రేంజ్ గురువు ఏన్షెంట్ వన్ గాల్లో గీత గీసి మరోసారి చూపిస్తుంది. రెండుసార్లు, రెండు రకాలుగా, ఆ నియమం అవసరం పడకముందే. ఇది పద్ధతైన పని.

ఈ నియమం పెట్టుకున్నాక, థానోస్ కూతురు, ఇప్పుడు హీరోల వైపున్న నెబ్యులా 2014 నాటి తనను తానే కాల్చినా తాను మాయం కాకపోవడం సరైనదే. 2014 థానోస్ ఇక్కడికొచ్చి చచ్చిపోతే 'మరి 2018లో చిటిక ఎవరు వేశారు' అని అడగక్కర్లేదు, అతను వేరే కొమ్మ మనిషి. 2012లో లోకీ టెసరాక్ట్‌తో (ఆ రాళ్ళలో ఒకటి ఉన్న నీలి పెట్టె) పారిపోవడం కూడా అంతే.

తర్వాత, కాలంలోకి దూకడానికి కావలసిన పిమ్ పార్టికల్స్ లెక్క. తలా ఒక్కసారి పోయి రావడానికి సరిపడా ఉన్నాయి, పరీక్షకు మిగిలిన కాస్తలో కొంత స్కాట్ (యాంట్‌మ్యాన్) పొరపాటున ఖర్చు చేసేస్తాడు. ఇలా కొరత పెట్టారు కాబట్టే, న్యూయార్క్‌లో టెసరాక్ట్ చేజారినప్పుడు టోనీ, స్టీవ్ (కెప్టెన్ అమెరికా) ఇంటికి రావడానికి ఉంచుకున్నవి వాడి 1970కి దూకడం ఉత్కంఠగా ఉంటుంది. పార్టికల్స్ ఎన్నైనా ఉంటే ఆ దూకుడుకు విలువ లేదు.

అసలు చిల్లు ఇక్కడే ఉంది. ఇంత పొదుపుగా లెక్క పెట్టిన పార్టికల్స్, థానోస్ దగ్గరికి వచ్చేసరికి కొండంత ఓడను, ఆ వెనకే మొత్తం సైన్యాన్ని దాటించేశాయి. ఎలాగో సినిమాలో చెప్పలేదు. పట్టుబడిన నెబ్యులా దగ్గరున్నది చూసి వాళ్ళు సొంతంగా తయారు చేసుకున్నారని అభిమానులు సర్దిచెప్తారు. ఒక్క షాట్ వేసి ఉంటే పోయేది. పందెంలో మీ వైపు ఎవరు ఈ పాయింట్ పట్టుకున్నారో వాళ్ళకు బిర్యానీ ఇప్పించండి.

రెండోది, రాళ్ళు తిరిగిచ్చేయడానికి వెళ్ళి ముసలివాడై వచ్చిన కెప్టెన్ అమెరికా. నియమం ప్రకారం వేరే కొమ్మలో బతికినవాడు తిరిగి రావాలంటే యంత్రం వేదిక మీదికే రావాలి, ఆయన బెంచీ మీద తేలాడు. ఇదే కాలంలో బతికాడని రాసినవాళ్ళు, వేరే కొమ్మలో బతికి వచ్చాడని తీసినవాళ్ళు బయట చెప్పుకున్నారు. రాసినవాళ్ళకూ తీసినవాళ్ళకూ పొత్తు కుదరలేదంటే అది మచ్చే. అయినా ఆ సన్నివేశం నిలబడింది, ఎందుకంటే అక్కడ తీరుతున్నది ప్రేయసి పెగ్గీకి ఆయన పడ్డ ఒక నాట్యం బాకీ.

ఎలుక సంగతి కూడా అడుగుతారు. వ్యాన్‌లో ఎలుక బటన్ తొక్కితే, క్వాంటమ్ లోకంలో చిక్కుకున్న స్కాట్ బయటపడ్డాడు, అది యాదృచ్ఛికమే. అయితే అది కథ మొదట్లో హీరోలను పనిలోకి దింపింది, చివర్లో గట్టెక్కించలేదు. మొదట్లో వచ్చే అదృష్టాన్ని ప్రేక్షకుడు ఊరికే ఇస్తాడు. క్లైమాక్స్‌లో వచ్చేదానికి వడ్డీతో వసూలు చేస్తాడు.

ప్రశ్న: ఐదుగురు హీరోలతో 25 నిమిషాల షార్ట్ ఫిల్మ్ రాసుకున్నాం. చదివినవాళ్ళంతా 'అర్థం కాలేదు' అంటున్నారు. ఎక్కడ సరిచేయాలి?
(యువ బృందం, చిత్తూరు)

జవాబు: తలా మూడు నిమిషాల పరిచయం వేసుకున్నా 15 నిమిషాలు అయిపోయాయి. మిగిలిన పదిలో విలన్, గొడవ, ఫైటు, ముగింపు. అర్థం కాకపోవడంలో వింతేముంది? ముగ్గురికి తగ్గించండి. తగ్గించలేమంటే ఇద్దరిద్దరిని ఒకే పనిలో, ఒకరితో ఒకరు గొడవ పడుతుండగా పరిచయం చేయండి.

తర్వాత ఒక పెద్ద కాగితం తీసుకుని ఒక్కో హీరోకు ఒక్కో వరుస గీయండి. శక్తి ఏమిటి, అది ఎక్కడ పనిచేయదు, వాడికి ఏం కావాలి, ప్రాణం పోయినా ఏం చేయడు. ఈ నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ హీరోను తీసేయండి. వాడి వల్ల ఫైటు ఉంటుంది గానీ కథ ఉండదు. ఇప్పుడు ప్రతి సన్నివేశం పక్కన రాయండి: దీన్ని ఒక్క నిమిషంలో తేల్చగలవాడు ఎవడు, వాడు ఇప్పుడు ఎక్కడున్నాడు? 'ఏదో పనిలో ఉన్నాడు' అని రాశారంటే అక్కడే ప్రేక్షకుడు ఫోన్ తీస్తాడు.

శక్తి పరిమితిని వాడుకునే ముందు రెండుసార్లు చూపించండి: మొదట నవ్వించేలా, తర్వాత ఇబ్బంది పెట్టేలా. 'మాయాబజార్' (1957)లో సత్యపీఠాన్ని ముందే సరదాగా చూపించి పెట్టుకున్నారు కాబట్టి, చివర శకుని దాని మీద నిలబడి నిజం కక్కేస్తుంటే ఎవరూ 'ఇదెక్కడి నుంచి వచ్చింది' అనలేదు. కొత్తగా రాసేవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు, నియమాన్ని క్లైమాక్స్‌లో విలన్ నోట చెప్పించడం. అప్పటికి ఆలస్యమైపోతుంది.

నిడివి కాగితాలతో లెక్కించకండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి డైలాగులు పైకి చదవండి. ఫైటుకు మాత్రం ఆ లెక్క పనిచేయదు, 'ఇద్దరూ కలబడ్డారు' అన్న ఒక్క వాక్యం తెర మీద రెండు నిమిషాలు తినేస్తుంది. డబ్బు తక్కువైతే శబ్దంతో చూపించగల శక్తులు ఎంచుకోండి: దూరపు మాట వినడం, గొంతు మార్చడం, విన్నదేదీ మరవకపోవడం. గ్రాఫిక్స్ అక్కర్లేదు. చంద్రగిరి కోటలో తీయాలనుకుంటే అది కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది, తలకోన అటవీ శాఖది. కెమెరా సంచితో గేటు దాకా వెళ్ళాక కాదు, తేదీ వేసుకునే ముందే అనుమతి అడగండి.

ప్రశ్న: తెలుగు డబ్బింగ్‌లో చూస్తే లాజిక్ మిస్సవుతుందా?
(గృహిణి, తిరుపతి)

జవాబు: కొన్నిసార్లు. పెదాల కదలికకు సరిపడేలా మాటలు కుదించేటప్పుడు మొదట ఎగిరిపోయేది వివరణే. నియమాలు చెప్పే సన్నివేశాలు, ముఖ్యంగా టైమ్ ట్రావెల్ లాంటివి, ఇంట్లో ఓటీటీలో ఒకసారి అసలు భాషలో సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. పాత్ర బరువు మాత్రం డబ్బింగ్‌లో పోనక్కర్లేదు. 'ఇన్ఫినిటీ వార్'లో థానోస్‌కు రానా గొంతు బాగానే అతికింది.

ప్రశ్న: 'కెప్టెన్ అమెరికా: సివిల్ వార్'లో అవెంజర్స్‌ను విడగొట్టాలన్న విలన్ జీమో పథకం అన్నీ కలిసొస్తేనే నడుస్తుంది. అది చిల్లు కాదా?
(ప్రైవేటు ఉద్యోగి, తిరుపతి)

జవాబు: చిల్లే. స్టీవ్ స్నేహితుడు బకీ పట్టుబడాలి, అతన్ని పరీక్షించే డాక్టర్ వేషంలో జీమోయే రావాలి, కరెంటు సరిగ్గా ఆ నిమిషంలోనే పోవాలి, చివరికి టోనీ సైన్యం లేకుండా సైబీరియాకు రావాలి. ఇన్ని మెట్లున్న పథకం ఎక్కడో ఒకచోట జారాలి. ఒక్కటీ జారలేదు. కానీ 1991 డిసెంబర్ 16న, మనసు వశం తప్పిన బకీ టోనీ తల్లిదండ్రులను చంపిన వీడియో తెర మీద పడ్డాక ముగ్గురూ ఎలా కొట్టుకున్నారో చూడండి. టోనీ కోపం న్యాయం, స్టీవ్ దాచడం తప్పు, బకీ నిస్సహాయుడు. ముగ్గురి పని ముగ్గురికీ తగ్గది. విమానాశ్రయంలో ఆరుగురూ ఆరుగురూ కలబడిన సరదా ఫైటు కంటే ఇదే గుర్తుంటుంది. పథకానికి పదికి నాలుగు, ఫలితానికి తొమ్మిది వేస్తాం.

ప్రశ్న: 2012 'అవెంజర్స్'లో ఆకాశంలో పెద్ద ఓడ పేలగానే కింద సైన్యమంతా ఒక్కసారిగా కూలిపోయింది. దీన్నైనా సమర్థిస్తారా?
(పదో తరగతి విద్యార్థిని, చిత్తూరు)

జవాబు: సమర్థించం తల్లీ. వాళ్ళ ప్రాణం ఆ ఓడతో ముడిపడి ఉందని ముందు ఎక్కడా నాటలేదు. టోనీ అణుక్షిపణిని భుజానేసుకుని పైకి పోవడం కథ. కింద వాళ్ళు పడిపోవడం మాత్రం, సినిమా ముగించాలి కాబట్టి స్విచ్ కట్టేయడం. విలన్ లోకీయో, శాస్త్రవేత్త సెల్విగ్గో ముందు ఒక్క ముక్క చెప్పి ఉంటే నువ్వు ఈ ఉత్తరం రాసేదానివి కాదు.